పై గొంతుకు చప్పట్లు, కింది గొంతుకు చెవి

ఇటాలియన్ ఒపేరా అనగానే మనవాళ్ళకు గుర్తొచ్చేది పావరొట్టీ. గుబురు గడ్డం, భారీ విగ్రహం, చేతిలో తెల్ల రుమాలు, ఆకాశాన్నంటే గొంతు. అంటే టెనర్. ఆయన మీద నాకు గౌరవమే. కానీ ఉద్యోగం కోసం న్యూజెర్సీ చేరి, శనివారం మధ్యాహ్నాలు మెట్రోపాలిటన్ ఒపేరా (మెట్) రేడియో ప్రసారాలు వినడం మొదలుపెట్టినప్పటి నుంచి నన్ను కట్టి కూర్చోబెట్టింది ఒంటరి టెనర్ కాదు, టెనరూ బారిటోనూ కలిసి పాడే ఘట్టాలు. మగ గొంతుల్లో పైది టెనర్, మధ్యది బారిటోన్, అట్టడుగుది బాస్. కథల్లో టెనర్ దాదాపు ఎప్పుడూ ప్రియుడే. బారిటోన్ అతని స్నేహితుడో, పగవాడో, ప్రియురాలి అన్నగారో అవుతాడు. వీళ్ళిద్దరినీ ఎదురెదురుగా నిలబెట్టే అవకాశం వస్తే ఇటాలియన్ స్వరకర్తలు వదులుకోలేదు. ఇంట్లో పిల్లలు అడిగినప్పుడల్లా నేను చెప్పే మాటలు ఇక్కడ రాస్తున్నాను. వరస నా ఇష్టం.

1. ముందు కింది గొంతును పట్టుకోండి. టెనర్ కోసం వెతకక్కర్లేదు, ఆయనే వచ్చి చెవిలో పడతాడు. పక్కన బారిటోన్ ఏం చేస్తున్నాడో తెలియాలంటే మాత్రం చెవికి కాస్త పని చెప్పాలి. ఒకే రికార్డును వెంటవెంటనే రెండుసార్లు పెట్టండి. మొదటిసారి ఎలా వినబుద్ధయితే అలా వినండి. రెండోసారి బారిటోన్ ఒక్కడినే వెంటాడండి, టెనర్ ఎంత పిలిచినా పలక్కండి. వేరే పాట విన్నట్టు ఉంటుంది. ఇద్దరు కలిసి పాడిన పాట నిలబడిందో లేదో తేల్చేది ఆ కింది గొంతేనని నా గట్టి నమ్మకం. మిగిలిన పాఠాలన్నీ దీని చుట్టూ తిరిగేవే.

2. మన చెవికి ఇక్కడ ఒక కొత్త అలవాటు కావాలి. హైదరాబాద్ బ్రదర్స్ కచేరీ విన్నవాళ్ళకు తెలుసు. ఇద్దరు విద్వాంసులు కలిసినచోట ఒకే స్వరం మీద కలుస్తారు, లేకపోతే వంతులు వేసుకుంటారు. ఒకరు షడ్జమం మీద ఉండగా మరొకరు గాంధారం మీద నిలబడి, అలాగే ఇద్దరూ జంటగా నడుచుకుంటూ పోవడం మన పద్ధతి కాదు. ఇటాలియన్ యుగళగీతానికి ప్రాణం అక్కడే ఉంది. వెర్డీ రాసిన ‘డాన్ కార్లో’లో స్పెయిన్ యువరాజు కార్లో టెనర్, అతని స్నేహితుడు రొద్రీగో బారిటోన్. సాన్ యుస్తె మఠంలో ఇద్దరూ స్వేచ్ఛ కోసం బతుకుతాం, కలిసి చస్తాం అని ప్రమాణం చేస్తారు. అక్కడ రెండు గొంతులూ మూడు మెట్ల ఎడంతో, అడుగు తప్పకుండా సాగుతాయి. బారిటోన్‌ను తీసేస్తే రాగం మిగులుతుంది, స్నేహం మిగలదు.

ఈ రాగం అక్కడితో అయిపోదు. తర్వాత ఒకచోట కార్లో తండ్రి మీదే కత్తి దూస్తాడు. ఆ కత్తిని ఇమ్మని అడిగి తీసుకునేది ఎవరు? రొద్రీగోయే. సభంతా నిర్ఘాంతపోయి ఉండగా క్లారినెట్లు ఆ స్నేహపు రాగాన్నే మెల్లగా వాయిస్తాయి. మొదటి ప్రమాణం సరిగ్గా విననివాళ్ళకు ఇక్కడ ఏం జరిగిందో తెలియదు. రొద్రీగో చనిపోయే ఘట్టంలోనూ ఆ రాగం మళ్ళీ పలుకుతుంది. ఈ ఒపేరాను 1867లో పారిస్ కోసం ఫ్రెంచిలో రాశారు. మిలాన్ లా స్కాలా కోసం వెర్డీ 1884లో దాన్ని కుదించి తిరగరాశాడు. రెండిట్లోనూ ఈ స్నేహగీతం ఉంది.

3. ‘లా ఫోర్జా దెల్ దెస్తీనో’ను తొందరపడి వినకండి. ఇదీ వెర్డీదే. తెలుగులో ‘విధి బలం’ అని చెప్పుకోవచ్చు. 1862లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో మొదటి ప్రదర్శన జరిగింది. నా దృష్టిలో టెనర్, బారిటోన్ జంటకు ఇంతకు మించిన ఒపేరా లేదు. కథ కొంచెం చెప్పుకోవాలి. ఆల్వరో టెనర్. ప్రియురాలి తండ్రి కాళ్ళ దగ్గర లొంగిపోతూ పిస్తోలు కింద పడేస్తే అది పేలి ఆయన చనిపోతాడు. ప్రియురాలి అన్న కార్లో బారిటోన్. చెల్లెల్నీ ఆల్వరోనీ చంపుతానని ఒట్టు పెట్టుకున్నవాడు. ఇద్దరూ మారుపేర్లతో ఇటలీ యుద్ధంలో కలుస్తారు. ఒకరి ప్రాణం ఒకరు కాపాడుకుంటారు. ఎవరెవరో తెలియకుండానే స్నేహితులైపోతారు.

గాయపడిన ఆల్వరోను మోసుకొస్తారు. బతకనని అతని నమ్మకం. ఒక కాగితాల కట్ట ఇచ్చి, నేను పోయాక దీన్ని విప్పకుండా కాల్చెయ్ అని కార్లోను బతిమాలుతాడు. ఇక్కడ టెనర్ కేకలు పెట్టడానికి లేదు, పడుకుని పాడాలి. ఊపిరి తక్కువైనవాడిలా వినిపించాలి, నిజానికి ఊపిరి బోలెడు కావాలి. బారిటోన్‌కు చిన్న చిన్న జవాబులే. ఒట్టు వేస్తాడు, ధైర్యం చెబుతాడు. ఆ చిన్న జవాబుల్లోనే గాయకుడి తరగతి బయటపడుతుంది. ఎక్కువ మంది బారిటోన్లు తర్వాత రాబోయే తమ పెద్ద పాట మీద మనసు పెట్టుకుని ఈ మాటల్ని అప్పజెప్పేస్తారు. మంచివాడు మాత్రం తన గొంతును టెనర్ గొంతు కింద దిండులా సర్దుతాడు.

చివరి అంకంలో ఏళ్ళు గడిచి ఆల్వరో సన్యాసి అయి ఉంటాడు. కార్లో రెండు కత్తులు పట్టుకుని మఠానికి వస్తాడు. ఆల్వరో వేడుకుంటాడు, తల వంచుతాడు. అతని తల్లివైపు ఇన్కా జాతి రక్తాన్ని కార్లో హేళన చేస్తాడు, చివరికి చెంప మీద కొడతాడు. అప్పుడు సన్యాసి కత్తి అందుకుంటాడు. వెనకటి ఘట్టంలో ఒకరి ఊపిరికి ఒకరు ఆనుకున్న ఆ రెండు గొంతులే ఇక్కడ ఒకదాన్నొకటి నరుక్కుంటాయి. రెండు ఘట్టాలూ ఒకే రోజు వరసగా వినండి.

ఈ ఒపేరా అచ్చిరాదని ఇటలీ గాయకుల్లో ఒక నమ్మకం ఉంది. అలాంటివి నేను పట్టించుకోను. కానీ 1960 మార్చి 4న న్యూయార్క్‌లో బారిటోన్ లియొనార్డ్ వారెన్ ఈ ఒపేరాలోనే కార్లోగా పాడుతూ, ఆ పెద్ద పాట ముగిసిన కాసేపటికే వేదిక మీద కుప్పకూలి చనిపోయాడు. వయసు 48. ఆ రాత్రి ఆల్వరో రిచర్డ్ టక్కర్. ప్రదర్శన అక్కడితో ఆపేశారు.

4. రాగం ఎవరి చేతిలో ఉందో చూడండి. 1887లో వచ్చిన వెర్డీ ‘ఒతెల్లో’ రెండో అంకం చివర టెనర్ ఒతెల్లో, బారిటోన్ ఇయాగో మోకరిల్లి ప్రతీకారానికి ప్రమాణం చేస్తారు. ముందు ఒతెల్లో మొదలుపెడతాడు. అతని గొంతు చాలాసేపు ఒకే స్వరం మీద గుద్దుతూ ఉంటుంది, రాగాన్ని ఆర్కెస్ట్రా మోస్తుంది. తర్వాత ఇయాగో అందుకుంటాడు. ఆర్కెస్ట్రా దగ్గరున్న ఆ రాగం ఇతని నోట్లోకి వస్తుంది. సేనాపతి గర్జిస్తున్నాడు, పాటను నడిపిస్తున్నది మాత్రం అతని కింది ఉద్యోగి. నాటకం మొత్తం ఆ ఒక్క ఏర్పాటులో ఉంది. ఇద్దరూ సమానంగా గొంతెత్తి అరిస్తే చప్పట్లు వస్తాయి, ఇయాగో రాడు.

దీనికి 1914 జనవరిలో ఎన్రికో కరూసో, టిట్టా రుఫో విక్టర్ కంపెనీకి ఇచ్చిన రికార్డు ఉంది. రుఫో పీసాలో పుట్టి, తండ్రి దగ్గర ఇనప పని చేసినవాడు. ఆ గొంతులోనూ ఇనుము మోగుతుంది. కరూసో జీవితంలో ఎప్పుడూ ఒతెల్లో వేషం కట్టలేదు. రుఫో మెట్‌లో అడుగుపెట్టింది 1922లో. కరూసో 1921లోనే పోయాడు. ఆ వేదిక మీద ఇద్దరినీ కలిపి చూసే భాగ్యం ఎవరికీ దక్కలేదన్నమాట. ఆ నాలుగు నిమిషాల ప్లేటే దిక్కు.

5. పాత ప్లేట్ల గరగరకు భయపడకండి. 1925కు ముందు రికార్డింగులో మైకు లేదు. గాయకుడు ఒక పెద్ద కొమ్ములోకి పాడితే ఆ కంపనం నేరుగా మైనం మీద గీత గీసేది. ఆర్కెస్ట్రా నలిగిపోయింది, బాస్ వాద్యాలు మాయమయ్యాయి. టెనర్, బారిటోన్ గొంతులు మాత్రం ఆ కొమ్ముకు బాగా పట్టాయి. ఆ కాలంలో ఇలాంటి యుగళగీతాలు అన్ని రికార్డు కావడానికి అదొక కారణం.

6. ఇటాలియన్ గొంతుకు ఇటలీ జన్మపత్రం అక్కర్లేదు. యూసీ బ్యోర్లింగ్ స్వీడన్ వాడు. రాబర్ట్ మెరిల్, రిచర్డ్ టక్కర్ ఇద్దరూ బ్రూక్లిన్ యూదు కుటుంబాల పిల్లలు. టక్కర్ యూదుల ప్రార్థనాలయంలో పాడుతూ ఎదిగినవాడు. 1950 నవంబరు 6న మెట్ సీజన్ ‘డాన్ కార్లో’తో మొదలైనప్పుడు కార్లోగా బ్యోర్లింగ్, రొద్రీగోగా మెరిల్ పాడారు. ఆ రోజుల్లోనే ఇద్దరూ కలిసి ఆర్‌సీఏ రికార్డు కంపెనీకి ఇచ్చిన యుగళగీతాలు ఈనాటికీ కొలబద్ద. టక్కర్, మెరిల్ చివరిదాకా జంటగా కచేరీలు చేశారు. 1975 జనవరిలో అలాంటి పర్యటనలోనే టక్కర్ పోయాడు. అంత్యక్రియల ప్రార్థన మెట్ వేదిక మీదే జరిగింది. ఈ రోజుల్లో మ్యూనిక్ టెనర్ యోనాస్ కౌఫ్‌మన్, ఫ్రెంచి బారిటోన్ లుడోవిక్ తెజియే ఆ వరసలో ఉన్నారు. 2022లో వాళ్ళు వేసిన యుగళగీతాల ఆల్బం వినదగ్గది.

తెలుగును తూర్పు ఇటాలియన్ అన్నారని మనం మురిసిపోతాం. ఎవరు ఎందుకన్నారో ఆ గొడవ వదిలేసినా, మాటలు అచ్చుతో ముగియడం వల్ల ఇటాలియన్ పాట మన నాలుకకు తొందరగా ఎక్కుతుంది. పాట మాటలు దగ్గర పెట్టుకుని, అర్థం చదువుకుని, నాలుగు పంక్తులు మీరే పలికి చూడండి.

7. ఒక్కసారైనా మైకు లేని హాల్లో వినండి. మెట్‌లో సుమారు 3,800 సీట్లు. గాయకుడికీ ఆఖరి వరసకూ మధ్య ఏ యంత్రమూ ఉండదు. శిక్షణ పొందిన మగ గొంతులో దాదాపు 3,000 హెర్ట్జ్ దగ్గర శక్తి పోగవుతుంది. ఆర్కెస్ట్రా బలం ఎక్కువగా అంతకంటే చాలా కింద ఉంటుంది. అందుకే గొంతు వాద్యాల మీదుగా దూసుకొస్తుంది. కేక వేస్తే రాదు. నాకు పై అంతస్తు చౌక సీట్లే ఇష్టం. అక్కడ రెండు గొంతులూ గాలిలో కలిసిపోయి చెవికి చేరతాయి. ముందు వరసలో గాయకుడి చెమట బాగా కనిపిస్తుంది.

8. టెనర్, బారిటోన్ మధ్య గోడ అంత గట్టిది కాదు. కార్లో బెర్గొంజీ బారిటోన్‌గా మొదలై 1951లో టెనర్ అయ్యాడు. రామోన్ వినాయ్ ఒతెల్లో, ఇయాగో రెండు వేషాలూ వేశాడు. ప్లాసిదో దొమింగో దశాబ్దాలు టెనర్‌గా ఏలి 2009 నుంచి బారిటోన్ పాత్రలకు దిగాడు. నా మటుకు ఆయన కింద స్వరాలు పాడినా అది టెనర్ గొంతే. పరిధి దిగడం వేరు, రంగు మారడం వేరు.

9. ఎంతసేపు పట్టి ఉంచాడన్నది లెక్క పెట్టకండి. పద్యనాటకాల్లో రాగం తీసి తీసి ఒన్స్‌మోర్ కొట్టించుకోవడం చూసి పెరిగినవాణ్ణి, ఆ మజా నాకు తెలుసు. ఇద్దరు పాడేచోట మాత్రం టెనర్ పై స్వరాన్ని పట్టుకుని వేలాడితే పక్కవాడు బస్సు కోసం నిలబడ్డట్టు నిలబడాలి.

10. చిన్న వాటిని చిన్నచూపు చూడకండి. పుచ్చీనీ ‘లా బొహేమ్’ 1896లో తూరిన్‌లో మొదటిసారి ఆడింది. నాలుగో అంకం మొదట్లో కవి రొదోల్ఫో, చిత్రకారుడు మార్చెల్లో పని చేసుకుంటున్నట్టు నటిస్తుంటారు. కలం బాలేదని ఒకడు, కుంచె బాలేదని ఒకడు. తర్వాత ఎవరి పిల్లను వాళ్ళు తలుచుకుని పాడతారు. ప్రమాణాలు లేవు, కత్తులు లేవు. ఒకరి మాట ఒకరు వినడం కూడా లేదు. గొంతులు మాత్రం కలుస్తాయి. ఒక గదిలో ఇద్దరు బ్రహ్మచారులు ఎదుటివాడికి తెలియకుండా దిగులుపడటం ఎలా ఉంటుందో హాస్టల్లో చదువుకున్న ఎవరికైనా తెలుసు.

ఇక ఎక్కడ మొదలుపెట్టాలని అడిగితే అందరూ బ్యోర్లింగ్, మెరిల్ పాడిన బిజే ‘ముత్యాల వేటగాళ్ళు’ చెబుతారు. అద్భుతమే, కాదనను. కథ కూడా మన పక్కనున్న సిలోన్‌లో జరుగుతుంది. కాకపోతే అది ఫ్రెంచి ఒపేరా. ఇటాలియన్‌లో మొదలుపెట్టాలంటే అదే జంట పాడిన ‘డాన్ కార్లో’ ప్రమాణం పెట్టుకోండి. తర్వాత 1906లో కరూసో, అంతోనియో స్కొత్తీ ఇచ్చిన ‘ఫోర్జా’ ప్లేటు వినండి. ఇద్దరూ నేపుల్స్ వాళ్ళు, స్నేహితులు. 1903లో కరూసో మెట్‌లో మొదటిసారి పాడిన రాత్రి పక్కన ‘రిగొలెత్తో’ ఒపేరాలో రిగొలెత్తోగా నిలబడింది స్కొత్తీయే. గొంతు బలంలో రుఫో ముందు స్కొత్తీ నిలవడు. అయినా చనిపోతున్న స్నేహితుడికి జవాబు చెప్పడంలో నా ఓటు స్కొత్తీకే.