'అనేబుల్' అంటే చేతగానివాడా?

మన క్లాసులో చాలామంది 'అనేబుల్' అనే ఇంగ్లీషు విశేషణానికి 'చేతగాని' అని అర్థం రాసుకుంటారు. నాకది సరిపోదనిపిస్తుంది. చేతగానితనం మనిషిది. 'అనేబుల్' చెప్పేది ఆ వేళకు ఆ పని సాధ్యం కాలేదని మాత్రమే.

మా ఇంట్లో బ్యాంకు అర్జీలు రాయడం నా పని. బుడ్డలకు ఊడలు దిగే అదనులో వాన మొగం చాటేసింది. "ఈ తూరి కట్టలేనని రాయిరా" అన్నాడు నాయన. 'ఐ విల్ నాట్ పే' అంటే మొండికేసినట్టు. 'ఇన్‌కేపబుల్ ఆఫ్ పేయింగ్' అంటే ఎన్నటికీ శక్తి లేనట్టు. ఇక మళ్లీ అప్పెవరిస్తారు? 'ఐ యామ్ అనేబుల్ టు పే దిస్ ఇయర్' అన్నదే సరి. తెలుగులో 'కట్టను', 'కట్టలేను' మాటల నడుమ తేడా ఒక్క 'లే'నే, కానీ రైతు పరువంతా దాంట్లోనే ఉంది.

ఈ పేచీ పాతదే. దత్తమండలాల కలెక్టరు థామస్ మన్రో 1807లో శిస్తు నాలుగో వంతు తగ్గించమని పైకి రాశాడు. శిస్తు భారమైతే రైతుకు భూమి మీద ఏమీ మిగలదని ఆయన వాదన. (ఆయన 1827 జులై 6న కలరాతో కన్నుమూసింది మన పత్తికొండలోనే.)

ఇక వాడుక. 'అనేబుల్' తర్వాత 'టు', ఆపైన క్రియ రావాలి. నామవాచకం ముందు పెట్టి 'అనేబుల్ ఫార్మర్' అనరు. నామవాచకంగా మార్చితే 'ఇనెబిలిటీ' అవుతుంది, 'అనెబిలిటీ' కాదు. యంత్రాలకు ఈ మాట అంతగా నప్పదు. మోటారు నీళ్లు తోడకపోతే 'డజ్ నాట్ వర్క్' అంటే చాలు.