ఇంట్లో ఐసు మిషను: సౌకర్యం, ప్రమాదం

ఎండాకాలం వస్తే మన హాస్టల్‌లో రంజన్ దగ్గరే లైను ఉండేది. ఐసు కావాలంటే గోలా బండి వాడు రావాలి. ఇప్పుడు వెలిమెల నుంచి కొల్లూరు, తెల్లాపూర్ దాకా లేచిన అపార్ట్‌మెంట్లలో ఐసు తనంతట తానే తయారవుతోంది. ఫ్రిజ్‌లు బాగుచేసే పనిలో ఉన్నాను కనుక ఆ మిషన్ల లోపలి సంగతి తమ్ముళ్లకు, చెల్లెళ్లకు చెప్పాలనిపించింది.

ఇవి రెండు రకాలు. మొదటిది ఫ్రిజ్‌లోనే ఉంటుంది. పైపు నీళ్లను ఒక కరెంటు వాల్వు కొన్ని సెకన్లు వదులుతుంది, అచ్చుల్లో నీళ్లు గడ్డకడతాయి. చిన్న హీటరు అచ్చును కాస్త వేడి చేయగానే ముక్కలు ఊడి డబ్బాలో పడతాయి. కొన్నింటిలో హీటరు ఉండదు, మోటారు అచ్చును మెలిపెడుతుంది. డబ్బా నిండితే ఒక తీగ చెయ్యి పైకి లేచి మిషనును ఆపుతుంది. రెండోది బల్ల మీద పెట్టుకునేది. చల్లని లోహపు వేళ్లు నీళ్లలో మునిగి ఉంటాయి, వాటి చుట్టూ ఐసు పేరుకుంటుంది. పది నిమిషాలు అటూ ఇటూగా ఒక వాయి వస్తుంది. అయితే ఇది ఫ్రీజరు కాదు. డబ్బాలోని ఐసు కరిగి మళ్లీ ట్యాంకులోకే దిగుతుంది, అదే నీరు మళ్లీ ఐసవుతుంది.

పదో తరగతిలో చదివిన ద్రవీభవన గుప్తోష్ణం ఇక్కడ గుర్తు చేసుకోండి. ఒక గ్రాము ఐసు కరగడానికి 80 కెలోరీలు కావాలి. అంతే వేడి ఇస్తే 0 డిగ్రీల దగ్గరున్న గ్రాము నీరు 80 డిగ్రీలకు చేరుతుంది. షర్బత్‌లో రెండు ముక్కలు వేస్తే గ్లాసంతా చల్లబడేది అందుకే. జ్వరమొచ్చిన ముసలమ్మకు, కాలు బెణికిన పిల్లాడికి అర్ధరాత్రి ఐసు దొరకడం చిన్న సుఖం కాదు. 1833లో అమెరికాలోని బోస్టన్ నుంచి ఓడలో కలకత్తాకు ఐసు తెచ్చుకున్న దేశం మనది. మద్రాసులో ఆ ఐసు దాచిన భవనం ఇప్పటికీ ఉంది.

ఇక అసలు సంగతి. గడ్డకడితే క్రిములు చచ్చిపోతాయని చాలామంది నమ్మకం. చావవు, చాలావరకు నిద్రపోతాయంతే. కరిగాక మళ్లీ లేస్తాయి. 1987 సెప్టెంబరులో అమెరికాలోని పెన్సిల్వేనియా, డెలవేర్ ప్రాంతాల్లో వేలమందికి వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. కారణం వెతికితే, వరద నీరు కలిసిన బావి నీళ్లతో చేసిన ఐసు అని తేలింది. ఐసు చూడ్డానికి శుభ్రంగానే ఉంది!

మన పటాన్‌చెరు సంగతి ఇంకో రకం. పారిశ్రామికవాడ నీళ్ల కాలుష్యం మీద 1990లోనే సుప్రీంకోర్టులో కేసు పడింది. 2007లో ప్రచురించిన ఒక పరిశోధనలో, మందుల ఫ్యాక్టరీల మురుగును శుద్ధి చేసే ఇక్కడి కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ అనే మందు లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉందని తేలింది. ఆ మాత్ర మింగిన రోగి రక్తంలో కూడా అంత ఉండదు. 2009 నాటి మరో పరిశోధనలో చుట్టుపక్కల బావుల్లోనూ మందులు కనిపించాయి. వెలిమెల బోర్లలో అవి ఉన్నాయని నేననడం లేదు, పరీక్ష చేయిస్తేనే తెలుస్తుంది. కానీ బోరు పైపును నేరుగా ఐసు మిషనుకు కలిపిన ఇళ్లు నేను చూశాను. నీళ్లు కాచితే క్రిములు చస్తాయి గాని, ఫ్లోరైడు, నైట్రేటు, రసాయనాలు పోవు. ఆర్‌ఓ లవణాలను చాలావరకు తీస్తుంది. చేతిలో పట్టుకునే టీడీఎస్ మీటరు ఉప్పు ఎంతుందో చెబుతుంది తప్ప క్రిముల గురించి ఒక్క మాట చెప్పదు.

ఒకసారి వేసవి సెలవులకు ఊరెళ్లి వచ్చినవాళ్లు ఐసు వాసన వస్తోందని పిలిచారు. మిషను ట్యాంకు అడుగున వేలు పెడితే జారింది, పాకురు! నెలన్నర నీళ్లు నిలవ ఉంచారు. వాడని రోజుల్లో ట్యాంకు ఖాళీ చేసి, తుడిచి, మూత తెరిచి ఆరబెట్టాలి. నిమ్మఉప్పు నీళ్లతో తెల్లటి సున్నపు పొర పోతుంది. అయితే అది క్రిములను చంపే పని కాదు, దానికి మిషనుతో వచ్చిన పుస్తకంలో చెప్పిన మందే వాడాలి. కడిగాక మొదటి రెండు వాయిల ఐసు పారబోయాలి. ఫిల్టరు విషయంలో మరో చిక్కుంది. అందులోని బొగ్గు క్లోరిన్‌ను పీల్చేస్తుంది. ఆ తర్వాత పైపులో నిలిచిన నీటికి రక్షణ ఉండదు. గడువు దాటిన ఫిల్టరు ఉన్నా లేనట్టే.

నీళ్లూ కరెంటూ పక్కపక్కనే ఉండే వస్తువు ఇది. మూడు పిన్నుల ప్లగ్గు, సరైన ఎర్తింగు లేకుండా పెట్టకూడదు. ఇప్పటి చాలా మిషన్లలో ఆర్-600ఎ వాయువు ఉంటుంది, అది మండుతుంది. గట్టిపడ్డ ఐసును కత్తితో పొడిచి గొట్టానికి రంధ్రం చేసినవాళ్లున్నారు.

బయట కొనే ఐసుకు ఒక గుర్తుంది. తినడానికి పనికిరాని ఐసుకు నీలిరంగు కలపాలని 2018లో ఆహార భద్రతా సంస్థ నిబంధన తెచ్చింది. చేపల బండి దగ్గర తెల్లటి ఐసు కనిపించినా నోట్లో వేసుకోకండి.

ఒక ప్రయోగం చేసి చూడండి. స్టీలు గ్లాసు నీళ్లలో నాలుగు చుక్కల సిరా వేసి ఫ్రీజరులో రాత్రంతా ఉంచండి. పొద్దున పగలగొడితే అంచులు తేటగా, నడుమ నీలంగా ఉంటుంది. గడ్డకట్టే నీరు సిరాను లోపలికి నెట్టింది, బయటికి పంపలేదు. బల్ల మీది మిషనులోనూ అంతే, వేళ్ల మీద ఐసు తేటగా వస్తుంది, ట్యాంకులో మిగిలిన నీరు వాయి వాయికీ చిక్కబడుతుంది. రోజూ ఆ నీళ్లు పారబోయమని నేను చెప్పేది అందుకే.