మన గదిలోని ఎక్స్‌టెన్షన్ బాక్సు – వాడకం, మరమ్మతు

గదికి ఒక్క ప్లగ్గు పాయింటు, పిల్లలు పది మంది. హాస్టల్లో చదివిన ఎవరికైనా ఈ లెక్క గుర్తుంటుంది. మా రోజుల్లో ఆ ఒక్క పాయింటుకు ఒక ఎక్స్‌టెన్షన్ బాక్సు, ఆ బాక్సుకు ఇంకో బాక్సు తగిలించి ఫోన్లు, టేబుల్ ఫ్యాను, రాత్రి చదువుకొనే లైటు అన్నీ దానిమీదే నడిపేవాళ్లం. పోయిన నెల వచ్చినప్పుడు తమ్ముళ్ల గదుల్లో కూడా అదే చూశాను. ఒక బాక్సుకైతే ప్లగ్గే లేదు, రెండు తీగలు పాయింటులో దూర్చి అగ్గిపుల్లలు బిగించారు. అందుకే వార్షికోత్సవ సంచికకు కవిత రాయమని అడిగితే, కవిత వద్దు, ఈ బాక్సు గురించి రాస్తానన్నాను. ఎం.ఎస్సీ. ఫిజిక్స్ చదివినవాడి కవిత ఎలాగూ ఎవరూ చదవరు.

ముందు మల్కాపురంలో మేము అద్దెకుంటున్న ఇంట్లో నేను చేసిన తప్పు చెబుతాను. చలికాలం. అమ్మ స్నానానికి నీళ్లు కాచుకోవడానికి 1500 వాట్ల హీటరు రాడ్డు కొన్నాను. స్నానాల గది పెరట్లో ఉంది, అక్కడ పాయింటు లేదు. మా పాత ఎక్స్‌టెన్షన్ వైరు అంత దూరం అందలేదు. మధ్యలో కోసి ఇంకో ముక్క కలిపి, తీగలు మెలితిప్పి, నల్ల టేపు చుట్టాను. ఫోను ఛార్జరు పెట్టి చూస్తే పనిచేసింది. రాడ్డుకున్న పెద్ద ప్లగ్గు బాక్సులో పట్టకపోతే కన్వర్టరు పెట్టాను. నాలుగో రోజు పొద్దున్నే కాలిన వాసన వచ్చింది. టేపు కరిగి గచ్చుకు అంటుకుపోయి ఉంది. ఎం.సి.బి. మాత్రం ట్రిప్ కాలేదు. అమ్మ తడి కాళ్లతో ఆ వైరుకు జానెడు దూరంలో నిలబడి ఉంది.

నాన్న వెల్డింగు పనిలో హెల్పరు, బడికి వెళ్లలేదు. మెయిన్ ఆపి, ప్లగ్గు పీకి, ఆ జాయింటు చూసి "లగ్గు కాలిందంటే అది లూజున్నట్టేరా, మా పనిలో మొదటి రోజే చెప్తారు" అన్నాడు. నేను పరీక్షల్లో ఎన్నోసార్లు రాసి మార్కులు తెచ్చుకున్న జౌల్ నియమం అదే.

లెక్క కట్టి చూద్దాం. మన ఇళ్లకు వచ్చేది 230 వోల్టులు. పరికరం మీద రాసి ఉన్న వాట్లను 230తో భాగిస్తే ఎన్ని ఆంపియర్లు లాగుతుందో వస్తుంది. 1500 వాట్ల రాడ్డు 6.5 ఆంపియర్లు. 1000 వాట్ల ఇస్త్రీ పెట్టె 4.3. రెండు వేల వాట్ల ఇండక్షన్ స్టవ్వు 8.7. చిన్న ప్లగ్గు, దాని పాయింటు తట్టుకొనేది 6 ఆంపియర్లు, అంటే 1380 వాట్లు. బాక్సుకు నాలుగు పాయింట్లు ఉన్నా ఈ 1380 నాలుగింటికీ కలిపే, ఒక్కొక్కదానికి కాదు. పాయింట్లు పెరిగినంత మాత్రాన కరెంటు మోసే శక్తి పెరగదు.

ఇక వేడి సంగతి. కరెంటు వర్గాన్ని నిరోధంతో గుణిస్తే ఎన్ని వాట్ల వేడి పుడుతుందో వస్తుంది. నా జాయింటు నిరోధం అర ఓమ్ అనుకోండి. 6.5ను 6.5తో గుణించి సగం చేస్తే 21 వాట్లు. రేడియో బాగుచేసే షాపులో సీసం కరిగించే సోల్డరింగ్ ఐరన్ సాధారణంగా 25 వాట్లు ఉంటుంది. దాదాపు అంత వేడి వేలి కొన అంత జాయింటులో, టేపు లోపల పుడుతోందన్నమాట. అదే ఛార్జరు పదో వంతు ఆంపియరు లాగితే వేడి ఒక వాటులో రెండు వందల వంతు. ఛార్జరుతో పరీక్షించి 'పనిచేసింది' అనుకోవడం నా మొదటి తప్పు.

ఎం.సి.బి. ఎందుకు ట్రిప్ కాలేదు? అది కరెంటు హద్దు మీరితేనే ట్రిప్ అవుతుంది. జాయింటు లూజుగా ఉన్నంత మాత్రాన కరెంటు పెరగదు. ఎం.సి.బి.కి 6.5 ఆంపియర్లు మామూలే. దాని కాపలా గోడలోని వైరుకు, మనం కలిపిన ముక్కకు కాదు.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చి రోజుల తరబడి కరెంటు పోయినప్పుడు మా వీధిలో ఒక జనరేటరుకు బాక్సు మీద బాక్సు తగిలించి అందరి ఫోన్లూ ఛార్జి చేశారు. ఏమీ కాలేదు. ముప్పై ఫోన్లు కలిపినా మూడు వందల వాట్లే కదా. కానీ 'ఇలా తగిలించినా ఏమీ కాదు' అనే నమ్మకం వీధిలో మిగిలిపోయింది. బాక్సు మీద బాక్సు అంటే జాయింట్లు పెరగడమే. పైగా సముద్రపు ఉప్పుగాలికి మన ఊళ్లో స్క్రూలు తుప్పు పడతాయి, రాగి తీగ పచ్చబడుతుంది. పోయినేడు గట్టిగా ఉన్న జాయింటు ఈ ఏడు అలాగే ఉంటుందని చెప్పలేం.

మరమ్మతుకు వద్దాం. స్విచ్చి ఆపడం చాలదు. పాత ఇళ్లలో స్విచ్చి న్యూట్రల్‌కు వేసి ఉండవచ్చు, అప్పుడు స్విచ్చి ఆపినా ఫేజు బాక్సు దాకా వస్తుంది. ప్లగ్గు పీకి పక్కన పెట్టాకే స్క్రూడ్రైవరు తీయండి. వైరు ప్లగ్గు దగ్గర చెడితే అంతమేర కోసేసి మళ్లీ ప్లగ్గు వేయవచ్చు. మధ్యలో చెడితే అక్కడికి కోసి పొట్టి వైరుగా వాడుకోండి, అతకవద్దు. తొడుగును సెంటీమీటరు మేర తీయండి, లోపలి సన్నపోగులు తెగకూడదు. పోగులు మెలితిప్పి, స్క్రూ బిగించే దిశలోనే, అంటే గడియారం ముల్లు తిరిగే వైపు చుట్టి బిగించండి. ఒక్క పోగు కూడా బయటికి కనబడకూడదు. సీసం పోసి బిగిస్తే గట్టిగా ఉంటుందని కొందరంటారు. అది తప్పు. స్క్రూ కింద సీసం మెల్లగా అణిగి జాయింటు వదులవుతుంది. వైరు పైతొడుగును ప్లగ్గులోని క్లిప్పు కింద బిగించడం మరవవద్దు, లేకపోతే లాగినప్పుడల్లా బరువు స్క్రూల మీద పడుతుంది.

ఫేజుకు ఎరుపు లేదా గోధుమ రంగు, న్యూట్రల్‌కు నలుపు లేదా నీలం, ఎర్తుకు పచ్చ లేదా పసుపు చారల పచ్చ. పాయింటుకు ఎదురుగా నిలబడి చూస్తే పైనున్న పెద్ద రంధ్రం ఎర్తు, కుడివైపు ఫేజు, ఎడమవైపు న్యూట్రల్. ప్లగ్గులో ఎర్తు తీగను మిగతా రెండింటికన్నా కాస్త పొడవు వదలండి, వైరు లాగితే అది చివరగా ఊడాలి. చవక బాక్సుల్లో మూడు రంధ్రాలు ఉన్నా లోపల రెండే తీగలు ఉంటాయి, ఎర్తు రంధ్రం ఖాళీ. టెస్టరు పెడితే ఇది తెలియదు, విప్పి చూస్తేనే తెలుస్తుంది. కొనేటప్పుడు ప్లగ్గుకు ఐ.ఎస్. 1293, వైరుకు ఐ.ఎస్. 694 ఐ.ఎస్.ఐ. ముద్ర చూడండి. హీటరు రాడ్డు, ఇండక్షన్ స్టవ్వు మాత్రం ఎంత మంచి బాక్సు మీదా వద్దు, అవి 16 ఆంపియర్ల గోడ పాయింటుకే. ఇస్త్రీ పెట్టె పెడితే వైరును చుట్టగా ఉంచక పూర్తిగా విప్పండి, చుట్టలో వేడి బయటికి పోదు. బట్టలారేసే ఇనుప తీగ మీదుగా వైరు వేయవద్దు.

ఎవరికైనా షాకు కొడితే చెయ్యి పట్టి లాగవద్దు. మెయిన్ ఆపండి. ఆపలేకపోతే ఎండిన చెక్క మీద నిలబడి ఎండు కర్రతో వైరును నెట్టండి. 108కి ఫోను చేయండి. ఊపిరి లేకపోతే అంబులెన్సు వచ్చేదాకా నిమిషానికి వందకు తగ్గకుండా ఛాతీ మధ్యలో గట్టిగా నొక్కుతూ ఉండాలి.

కాలిన నా జాయింటు ముక్కను నాన్న పారేయనివ్వలేదు, మేకుకు తగిలించి ఉంచాడు. వార్షికోత్సవం రోజున దాన్ని, ఒక మల్టీమీటరును తెస్తాను. ఎవరి బాక్సులు వాళ్లు పట్టుకొని రండి, భోజనాల తరువాత ఒక్కొక్కటే విప్పి చూద్దాం. అగ్గిపుల్లల గది వాళ్లది ముందు.