సిటిజన్‌షిప్ ఇంటర్వ్యూకి ముందు మీ పాత ఫైలు మీరే చదవండి

అమెరికాలో తెలుగువాళ్ల మధ్య సిటిజన్‌షిప్ సలహాలకి కొదవ లేదు. పై అంతస్తులో ఉండే ఆయన చెబుతాడు, గుళ్లో కలిసినావిడ చెబుతుంది. అయితే చెప్పేవాళ్లలో చాలామంది చదువుకని వెళ్లి, హెచ్-1బీ మీద ఉద్యోగం చేసి, కంపెనీ ద్వారా గ్రీన్ కార్డు తెచ్చుకున్నవాళ్లు. అసైలం పొందినవాళ్ల లెక్క, శరణార్థులుగా వచ్చినవాళ్ల లెక్క వేరు. అనకాపల్లి జిల్లాలో అచ్యుతాపురం, రాంబిల్లి, పూడిమడక వైపు నుంచి వెళ్లి, ఆ దారిలో గ్రీన్ కార్డు దాకా వచ్చినవాళ్ల కోసం ఈ వివరాలు.

ముందుగా ఒక్క సంగతి. ఇంటర్వ్యూ చేసే ఆఫీసరుకి మీరు కొత్తవారు కాదు. మీ పాత ఇమిగ్రేషన్ కాగితాలన్నీ ఉన్న ఏ-ఫైలు ఆయన దగ్గర ఉంటుంది. అసైలం కోసం పెట్టిన ఐ-589, గ్రీన్ కార్డు కోసం పెట్టిన ఐ-485 అందులోనే ఉంటాయి. ఇప్పుడిచ్చిన సిటిజన్‌షిప్ దరఖాస్తు ఎన్-400ని వాటితో పోల్చి చూస్తారు. పెళ్లి తేదీ, పిల్లల పేర్లు, పాత చిరునామాలు, అరెస్టులు, ఊరు విడిచిన తేదీ అన్నిట్లోనూ కలవాలి. అందుకే కాగితాలు పోగుచేయడానికి ముందు పాత దరఖాస్తుల నకళ్లు చదవండి. మీ లాయరు దగ్గర లేకపోతే, సమాచార స్వేచ్ఛ చట్టం కింద ఇమిగ్రేషన్ శాఖ యూఎస్‌సీఐఎస్‌ని ఆన్‌లైన్‌లో అడగవచ్చు. రావడానికి సమయం పడుతుంది కాబట్టి ఎన్-400 వేయకముందే అడగండి. ఎక్కడైనా తేడా కనిపిస్తే ఇమిగ్రేషన్ లాయరుకి చూపించి, ఉన్నది ఉన్నట్టు సరిచేయించుకోండి. తేడాని కప్పిపుచ్చేలా కొత్త కాగితం పుట్టించడం అన్నిటికంటే ప్రమాదం.

సిటిజన్‌షిప్‌కి నిండాల్సిన ఐదేళ్లు ఎప్పటి నుంచి?

గ్రీన్ కార్డు చేతికొచ్చిన రోజు నుంచి కాదు, కార్డు మీద ‘రెసిడెంట్ సిన్స్’ అని ఉన్న తేదీ నుంచి. అసైలం పొందినవాళ్లకి గ్రీన్ కార్డు మంజూరైన తేదీని ఒక సంవత్సరం వెనక్కి జరుపుతారు. శరణార్థులకైతే అమెరికాలో అడుగుపెట్టిన తేదీయే లెక్క. ఉదాహరణకి అసైలం మీద గ్రీన్ కార్డు 2023 మార్చి 10న మంజూరైతే, కార్డు మీద 2022 మార్చి 10 ఉండాలి. ఐదేళ్లు నిండేది 2027 మార్చి 10న. అంతకు 90 రోజుల ముందు, అంటే 2026 డిసెంబరు 10 నుంచి ఎన్-400 వేయవచ్చు. కార్డు మీద తేదీ తప్పు పడిందేమో ఇప్పుడే చూసుకోండి.

ఆ ఐదేళ్లలో కనీసం 30 నెలలు అమెరికాలో ఉండి తీరాలి. ఒకే విడతలో ఆరు నెలలు దాటి, ఏడాదిలోపు బయట ఉంటే, నివాసం తెగలేదని మీరే రుజువు చేసుకోవాలి.

ఇంటర్వ్యూకి పట్టుకెళ్లేవి

అసలు కాగితాలూ, ఒక్కో నకలూ:

- ఇంటర్వ్యూ నోటీసు, గ్రీన్ కార్డు, డ్రైవింగ్ లైసెన్సు లేదా స్టేట్ ఐడీ.
- అసైలం మంజూరు లేఖ లేదా ఇమిగ్రేషన్ జడ్జి ఉత్తర్వు, ఐ-94. భర్త లేదా భార్య కేసు మీద తర్వాత వచ్చినవాళ్లయితే ఐ-730 ఆమోద పత్రం.
- గడువు తీరినవాటితో సహా పాస్‌పోర్టులన్నీ. రెఫ్యూజీ ట్రావెల్ డాక్యుమెంట్లన్నీ. ప్రయాణాల తేదీలు వేరే కాగితం మీద వరసగా రాసుకోండి.
- పెళ్లి సర్టిఫికెట్. ఇద్దరిలో ఎవరికైనా ముందు పెళ్లి ఉంటే విడాకుల డిక్రీ లేదా మరణ ధ్రువపత్రం.
- ఐదేళ్ల ఐఆర్ఎస్ టాక్స్ ట్రాన్స్‌క్రిప్టులు. పన్ను బాకీ ఉంటే వాయిదాల ఒప్పందం, కట్టిన రసీదులు.
- పిల్లలు మీ దగ్గర లేకపోతే, వాళ్ల పోషణకి డబ్బు పంపుతున్నట్టు రుజువులు.
- ఎప్పుడైనా అరెస్టయి ఉంటే, కేసు కొట్టేసినా సరే, కోర్టు ఇచ్చిన తుది ఉత్తర్వు.
- 18 నుంచి 26 ఏళ్ల మధ్య అమెరికాలో ఉన్న మగవాళ్లకి సెలెక్టివ్ సర్వీస్ నమోదు రుజువు. స్టూడెంట్ వీసా, హెచ్-1బీ మీద ఉన్నంతకాలం ఇది అక్కర్లేదు. 26 నిండకముందే అసైలం వచ్చినవాళ్లకి మాత్రం వర్తిస్తుంది. హెచ్-1బీ స్నేహితుడి మాట విని దీన్ని వదిలేయకండి.

తెలుగులో ఉన్న ప్రతి కాగితానికీ పూర్తి ఇంగ్లిషు అనువాదం జతచేయాలి. తనకు రెండు భాషలూ వచ్చనీ, అనువాదం పూర్తిగా, సరిగ్గా ఉందనీ అనువాదకుడు రాసి సంతకం చేస్తే చాలు. నోటరీ అవసరం లేదు.

ఊరి కాగితాల్లో వచ్చే చిక్కులు

మొదటిది ఇంటిపేరు. బడి రికార్డులో ఇంటిపేరు ముందు పొడి అక్షరంగా ఉంటుంది, ఆధార్‌లో పూర్తిగా ఉంటుంది, పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడి ఖాళీగా ఉంటుంది. ఆ ఖాళీ వల్లే అమెరికా వీసాలో కొందరి పేరు ముందు ఎఫ్ఎన్‌యూ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్) అని పడుతుంది. ఆడవాళ్లకి పుట్టింటి పేరు ఒకచోట, అత్తింటి పేరు ఒకచోట ఉంటాయి. ఇప్పటివరకు వాడిన పేర్లన్నీ ఎన్-400లో రాయండి. ఇకపై ఒకే పేరు ఉండాలనుకుంటే పేరు మార్పు కూడా అందులోనే కోరవచ్చు. కోర్టులో ప్రమాణం చేయించే చోట జడ్జి దాన్ని ఖరారు చేస్తారు.

రెండోది పుట్టిన తేదీ. బళ్లో చేర్చేటప్పుడు మాస్టారు వేసిన తేదీయే పదో తరగతి సర్టిఫికెట్‌లోకి, అక్కడి నుంచి పాస్‌పోర్టులోకి వచ్చి ఉంటుంది. పంచాయతీ రికార్డు తేదీ వేరుగా ఉంటే రెండూ చూపించి, కారణం చెప్పండి.

మూడోది పెళ్లి. పెళ్లి జరిగిన రోజు వేరు, రిజిస్ట్రేషన్ చేయించిన రోజు వేరు. వీసా కోసమని ఏళ్ల తర్వాత సబ్‌ రిజిస్ట్రారు దగ్గరికి వెళ్లినవాళ్లు ఒక దరఖాస్తులో ముహూర్తం తేదీ, ఇంకో దాంట్లో రిజిస్ట్రేషన్ తేదీ రాసేస్తుంటారు. పెళ్లి తేదీ అన్నచోట పెళ్లి జరిగిన తేదీయే రాయాలి.

నాలుగోది జిల్లా. 2022 ఏప్రిల్ 4 దాకా అచ్యుతాపురం విశాఖపట్నం జిల్లాలో ఉండేది, ఆ రోజు నుంచి అనకాపల్లి జిల్లా. పాత పాస్‌పోర్టులో విశాఖపట్నం, కొత్తగా తీయించిన సర్టిఫికెట్‌లో అనకాపల్లి ఉంటాయి. ఊరు మారలేదు, జిల్లా మారిందని ఆఫీసరుకి ఒక్క ముక్కలో చెప్పండి. ఇంగ్లిషులో ఊరి పేరుని రెండు మూడు రకాలుగా రాస్తారు; మీ ఫైల్లో ఉన్న స్పెల్లింగే ఎన్-400లోనూ వాడండి.

పంచాయతీలో జనన నమోదు లేకపోతే ముందు లేదని ధ్రువపత్రం తీసుకోవాలి. పుట్టి ఏడాది దాటాక నమోదు చేయించాలంటే మేజిస్ట్రేటు ఉత్తర్వు కావాలి. మీరు వెళ్లనక్కర్లేదు, బావో పిన్నిగారబ్బాయో గ్రామ సచివాలయంలో అడిగి ఆ పని చూడొచ్చు. అయితే మీరు భయపడింది అక్కడి పోలీసులకో, ప్రభుత్వానికో అయితే, ఎవరినీ పంపకముందే లాయరుతో మాట్లాడండి. అమెరికాలో మీకు అసైలం వచ్చిన సంగతి అక్కడి కౌంటరులో చెప్పాల్సిన పని లేదు.

ఉన్నపళంగా ఊరు వదిలినవాళ్ల దగ్గర కాగితాలు ఉండవు. 1942లో యుద్ధానికి, మళ్లీ 1960లలో సైనిక పాలనకి బర్మా వదిలి వచ్చిన తెలుగు కుటుంబాల కథ విశాఖవాళ్లకి తెలిసిందే. కంచరపాలెంలో బర్మా క్యాంపు పేరు అలా వచ్చిందే. కాగితాలు లేనివాళ్లకి అమెరికా నిబంధనలు దారి ఉంచాయి. అసలు పత్రం దొరకదని చూపి, బడి రికార్డుల్లాంటివి ఇవ్వవచ్చు. అవీ లేకపోతే విషయం స్వయంగా తెలిసిన ఇద్దరి అఫిడవిట్లు ఇవ్వాలి.

ఇండియా ప్రయాణం, ఇండియన్ పాస్‌పోర్టు

ప్రాణభయం ఉందని చెప్పి ఆశ్రయం పొందిన దేశానికే మళ్లీ వెళితే, గ్రీన్ కార్డు వచ్చాక కూడా ప్రశ్నలు తప్పవు. అసైలం తర్వాత ఇండియన్ పాస్‌పోర్టు రెన్యూ చేయించుకున్నా అంతే. తల్లి జబ్బు కోసమో, చావు కబురు వినో వెళ్లి ఉంటే ఆస్పత్రి కాగితాలు, మరణ ధ్రువపత్రం, ఎక్కడ ఎన్నాళ్లు ఉన్నారో వివరాలు పట్టుకెళ్లండి. ప్రయాణాన్ని దాచవద్దు.

పరీక్ష, తర్వాతి పనులు

2025 అక్టోబరు 20 నుంచి ఎన్-400 వేసినవాళ్లకి సివిక్స్ పరీక్షలో 128 ప్రశ్నల జాబితా నుంచి 20 దాకా అడుగుతారు, 12 సరిగ్గా చెప్పాలి. 50 ఏళ్లు నిండి గ్రీన్ కార్డు మీద 20 ఏళ్లు, లేదా 55 నిండి 15 ఏళ్లు ఉన్నవాళ్లకి ఇంగ్లిషు పరీక్ష ఉండదు. వాళ్లు దుబాసీని తీసుకెళ్లి సివిక్స్‌కి తెలుగులోనే జవాబు చెప్పొచ్చు.

పాసైనా ప్రమాణం చేసేదాకా మీరు పౌరులు కారు. ఈలోగా ఓటరుగా నమోదు కావద్దు. ప్రమాణం రోజు గ్రీన్ కార్డు యూఎస్‌సీఐఎస్‌కి ఇచ్చేయాలి. గ్రీన్ కార్డు ఉండి, మీ సంరక్షణలో మీతోపాటు ఉంటున్న 18 ఏళ్లలోపు పిల్లలకి ఆ రోజే పౌరసత్వం వస్తుంది. వాళ్ల పాస్‌పోర్టు కోసం జనన ధ్రువపత్రాలు సిద్ధంగా ఉంచండి. భారత పౌరసత్వ చట్టం, 1955 ప్రకారం మీ ఇండియన్ పౌరసత్వం ఆ ప్రమాణంతో ముగుస్తుంది. మీ ఇండియన్ పాస్‌పోర్టు మళ్లీ వాడకూడదు, సరెండర్ చేయాలి. అయితే దాని ప్రతి పేజీకీ నకలు తీసి దాచుకున్నాకే ఇవ్వండి.