గడియ బిగించినాకే కోళ్ళు

హోసూరు

అమ్మిణీ,

నువ్వు కోళ్ళు తెస్తావంట. నీ ఉత్తరంలో ఆ మాట లేదు, నీ తమ్ముడు ఫోనులో చెప్పినాడు. బెంగళూరు నుంచి రెడీమేడ్ గూడు తెప్పిస్తావంట, సంతలో డజను పెట్టలు పట్టిస్తావంట. కెలమంగలం ఇంటి తాళం మళ్ళీ తీసినావు, నాకు అదే పదివేలు. ఆ పెరట్లో కోళ్ళు తిరిగి ఎన్నేళ్ళయిందో. వద్దని ఎందుకంటాను? అయితే గూటి తలుపు సంగతి తేలేదాకా ఒక్క పెట్టనూ కొనొద్దు.

గూడు ఫొటో వాడు నాకూ పంపినాడు. రంగు బాగుంది. తలుపుకు ఉండేది ఉత్త కొక్కెం, చిన్నబిడ్డ తట్టినా లేస్తుంది. పక్కలకు పల్చటి కోడివల. అది కోడిని లోపల ఉంచుతుందేగాని బయటిదాన్ని ఆపలేదు. కుక్క పళ్ళతో చింపేస్తుంది. మానుపిల్లి అయితే కన్నంలో చెయ్యి పెట్టి, నిద్రలో ఉన్న కోడిని కాలు పట్టి గుంజుతుంది. అంగడిలో వెల్డ్ మెష్ అని అడుగు, అరంగుళం కన్నుది. అంచుల మీద చెక్కపట్టీ వేసి మేకులు కొట్టించు. అడుగున చుట్టూరా ఆ మెష్‌ను ఒక అడుగు లోతుకు పాతించు, ముంగిసా పందికొక్కూ తవ్వుకొని దూరతాయి. గడియ ఇనుపదై ఉండాల, అడ్డంగా జరగాల, దానికొక చీల ఉండాల.

ఇంత పట్టు ఎందుకంటావేమో. నాకు పన్నెండేళ్ళప్పుడు పొద్దు గూకితే కోళ్ళను మూసేది నా పని. మా అమ్మకు తొమ్మిది పెట్టలు. గుడ్లమ్మిన దుడ్లు ఆమె కొంగుముడిలోనే ఉండేవి, మా నాయన అడిగేవాడు కాడు. నా పలకా నోటుబుక్కులూ ఆ ముడిలోనుంచే వచ్చినాయి. ఒకనాడు ఊర్లో హరికథ. ముందు వరసలో కూర్చోవాలని పరిగెత్తినాను. గూటి తలుపు దగ్గరికి లాగినాను గాని గడియ వెయ్యలేదు. తెల్లారి చూస్తే రాగిగడ్డి వామి దాకా ఈకలు. పొదిగే పెట్ట ఒకటే మిగిలింది, అది వంటింట్లో గంపకింద ఉన్నింది కాబట్టి. మా అమ్మ నన్ను ఒక్క మాట అనలేదు. ఈకలన్నీ ఊడ్చి దిబ్బలో వేసి వచ్చి నా జడ అల్లింది. ఆమె వేళ్ళు వణికేది నా నెత్తికి తెలస్తా ఉన్నింది. డెబ్బై దాటినాను, ఇప్పటికీ నిద్రపట్టేముందు లేచి తలుపులన్నీ తడిమి వస్తాను.

నువ్వు అన్నం సరిగ్గా తింటాండావా? ఒక్కదానివే కదా అని రాత్రిపూట బన్నూ టీతో గడిపేయొద్దు తల్లీ.

డజను వద్దు, ఆరు చాలు. ఆరింటికి నాలుగడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు గూడు సరిపోతుంది. నేలనుంచి రెండడుగులు ఎత్తుగా పెట్టించు, మెష్ మాత్రం నేలలోకి దిగాల. పైన రేకు వేస్తే ఎండాకాలం కొలిమి అయిపోతుంది, దానిమీద రాగిగడ్డి పరుచు. మార్గశిరంలో మన ఊరి చలి నీకు తెలుసు. గాలి కొట్టే పక్క గోనెపట్టా కట్టు, అంతేగాని నాలుగు పక్కలా మూసెయ్యొద్దు, రెట్ట ఘాటు పట్టి కోళ్ళకు రొమ్ము చెడుతుంది. గుడ్లే కావాలంటే పుంజుతో పనిలేదు.

నాటుపెట్ట ఏడాదికి యాభై అరవై గుడ్లు పెడుతుంది, తానే పొదుగుతుంది, ఇరవై ఒక్క దినాలకు పిల్లలు. బెంగళూరు హెబ్బాళం పశువుల కాలేజీవాళ్ళు తీసిన గిరిరాజ జాతి పెట్ట దానికి రెండింతలు పెడుతుంది, పొదగను మాత్రం కూర్చోదు. నీకేది కావాలో ముందే అనుకో. సంతలో ఒక్కోటి ఒక్కొక్కరి దగ్గర కొంటే ఆరిళ్ళ రోగాలు నీ ఇంటికొస్తాయి, ఒకే చోట తీసుకో. జుట్టు ఎర్రగా, కన్ను తేటగా ఉండాల. ముక్కు కారకూడదు, తోక కింద ఈకలు శుభ్రంగా ఉండాల, రెక్క ఎత్తి పేలు చూడు. చెవి దగ్గర పెట్టుకొని విను, గురగుర అంటే వదిలెయ్. బండికి తలకిందులుగా కట్టి తేవద్దు, గంపలో తీసుకురా.

రాణిఖేత్ టీకా వేసినారా లేదా అడుగు. మన పక్క కొక్కెర రోగం అనేది అదే. వారం పిల్లప్పుడు కంట్లో చుక్క, రెండు నెలలకు రెక్క కింద సూది. రోగం వచ్చినాక పసుపూ వేపాకూ ఏమీ చెయ్యలేవు, ఒకసారి చైత్రమాసంలో మా పెరడంతా నాలుగు దినాల్లో ఖాళీ అయింది. మత్తిగిరిలో కోళ్ళ కాలేజీయే ఉంది, కుంఫిణీ వాళ్ళు 1824లో గుర్రాలకోసం పెట్టిన ఫారం కూడా ఆ ఊర్లోనే. పోయి అడుగు, మొహమాటపడొద్దు.

తెచ్చినాక వారం దినాలు గూట్లోనే ఉంచు, నీళ్ళూ మేతా లోపలే. ఇల్లు ఏదో వాటికి తెలియాల. తర్వాత వదిలినా పొద్దు గూకేటప్పటికి వాటంతట అవే వచ్చి ఎక్కుతాయి. చీకట్లో కోడికి కన్ను కనపడదు, ఏది వచ్చినా పారిపోలేదు. కాబట్టి రోజూ సాయంత్రం ఆరింటినీ లెక్కపెట్టి, గడియ నీ చేత్తోనే వెయ్యి. పక్కింటి పిల్లోడికి అప్పగించొద్దు. పన్నెండేళ్ళ పిల్లకు ఆట ఉంటుంది, హరికథ ఉంటుంది.

ఈ ఆదివారం పొద్దున బస్సుకు వస్తాను. గడియలు రెండు కొనిపెట్టినాను, ఒకటి గూటికి, ఒకటి మీ వీధి తలుపుకు.

మీ పెద్దమ్మ