పైన బండి ఆగకుండా కింద పట్టాలు

అమెరికాలో బేస్‌మెంట్ ఉన్న ఇల్లు కొన్న తెలుగువాళ్లు కొందరు అక్కడ హోమ్ థియేటర్ పెట్టుకుంటారు, కొందరు బొమ్మల కొలువు పేరుస్తారు. రైళ్ల పిచ్చి ఉన్నవాళ్లం బల్లలు వేస్తాం. గోడ వెంట ప్లైవుడ్ పరిచి, అసలు రైలులో 87వ వంతు ఉండే హెచ్‌ఓ బండ్లు తిప్పుతూ నాలుగేళ్లు గడిపేసరికి జాగా అయిపోతుంది. బండ్లు కొనడం మాత్రం ఆగదు. అప్పుడు చూపు బల్ల కిందికి పోతుంది. అంత ఖాళీ ఉందే అనిపిస్తుంది.

ఖాళీ ఏమీ కాదు. ఇండియా ప్రయాణాల సూట్‌కేసులు, పిల్లల పాత ఉయ్యాల, పెళ్లినాటి వెండి సామాను పెట్టె అన్నీ అక్కడే ఉంటాయి. వాటికి వేరే చోటు ఇంట్లోవాళ్లతో మాట్లాడి ఖాయం చేసుకున్నాకే రంపం పట్టాలి.

ఉన్న బల్ల కింద పట్టాలకు రెండో అంతస్తు కట్టే పని మీద వచ్చే సలహాలు చాలావరకు తీరిక ఉన్నవాళ్లవి. పగలు ఆఫీసు, రాత్రి హైదరాబాద్ టీమ్‌తో కాల్ ఉన్నవాళ్లకు వారానికి అయిదారు గంటలు దొరికితే గొప్ప. అందుకే నాది ఒకటే షరతు: కింది అంతస్తు పని ఎన్ని నెలలు సాగినా పైన బండి నడుస్తూనే ఉండాలి. నేను మొదటిసారి ఉత్సాహం కొద్దీ పై లైను కోసేసి మొదలుపెట్టాను. వారం తిరక్కుండా ఆఫీసులో పెద్ద రిలీజు నెత్తిన పడింది. పైనా కిందా ఏమీ లేకుండా ఎనిమిది నెలలు అంతా పడకేసింది.

కొలతలతో మొదలుపెట్టండి. పై పట్టాలు నేల నుంచి 50 అంగుళాల ఎత్తున ఉన్నాయనుకోండి. కింది పట్టాలు 34 దగ్గర పెడితే మధ్య 16 అంగుళాలు. పై బల్ల చట్రం మందం నాలుగు తీసేస్తే పన్నెండు మిగులుతాయి. చక్రాలున్న ఆఫీసు కుర్చీలో కూర్చుని నడుపుకోవడానికి ఇది చాలు. బండ్లు దాచుకోవడానికేగా అని ఎనిమిదంగుళాలతో సరిపెడదామని ఆశ పుడుతుంది. అప్పుడు మిగిలేది నాలుగు. లోపలి వరసలో పెట్టె పట్టాలు తప్పితే పైకి తీయడానికి చెయ్యి ఆడదు. ఎత్తు ఖాయం చేసే ముందు అట్టపెట్టెలు కోసి అదే ఎత్తున పెట్టి, వారం రోజులు వాటి పక్కన తిరగండి. మీ మోకాళ్లు, మీ నడుము ఏమంటాయో అప్పుడే తెలుస్తుంది.

ఇక దిగే దారి. అందరూ అడిగేది హెలిక్స్, అంటే స్ప్రింగులా చుట్టుకుంటూ దిగే లైను. 30 అంగుళాల వ్యాసార్ధంతో వేస్తే ఒక్కో చుట్టు దాదాపు 188 అంగుళాలు వస్తుంది. చుట్టుకి నాలుగంగుళాలు దిగితే వాలు రెండు శాతం పైచిలుకు. వంపు లాగుడు కూడా కలిసేసరికి ఎక్కేటప్పుడు ఇంజిన్‌కి అది మూడు శాతంలా ఉంటుంది. 16 అంగుళాలకు నాలుగు చుట్లు, అంటే 63 అడుగుల పట్టా. హెచ్‌ఓ లెక్కలో అది మైలు దాటుతుంది. గంటకు 30 మైళ్ల వేగంతో వెళ్లే బండి రెండు నిమిషాలకు పైగా కనపడదు. పైగా అయిదడుగుల పైన వెడల్పున్న డ్రమ్ము ఒకటి గది మూలలో తిష్ట వేస్తుంది. గది చుట్టుకొలత 67 అడుగులు దాటితే నేనైతే హెలిక్స్ జోలికి పోను. రెండు శాతం వాలుతో గోడ వెంటే గది చుట్టూ ఒకసారి దించితే ఆ 16 అంగుళాలు వచ్చేస్తాయి, బండి కళ్లముందే ఉంటుంది.

కింద ఏం కట్టాలి? మొదటి విడతలో ఊళ్లూ కొండలూ వద్దు. అయిదారు వరసల స్టేజింగ్ యార్డ్ చాలు. పై ఊరికి రావాల్సిన బండ్లు అక్కడ వేచి ఉంటాయి. రంగులు, చెట్లు అక్కర్లేదు కాబట్టి ఉద్యోగం చేసేవాడికి త్వరగా పూర్తయ్యే పని ఇదొక్కటే.

దీన్ని నాలుగేసి అడుగుల ముక్కలుగా గరాజ్‌లో కట్టండి. పట్టాలు వేశాక ముక్కను తిరగేసి, బల్ల మీద పెట్టుకుని వైరింగ్ పూర్తి చేసి, బండి నడిపి చూసి, ఆ తర్వాతే కిందికి తోయండి. వెల్లకిలా పడుకుని సోల్డరింగ్ చేస్తే కరిగిన సీసం మొహం మీదే పడుతుంది. రాత్రి పది దాటాక, కాల్ ముగించిన కళ్లతో అయితే మరీ వద్దు. రంపం శనివారం పగలు, వైర్లు వారం మధ్య సాయంత్రాలు. కింది అంతస్తుకు విడిగా సర్క్యూట్ బ్రేకర్ పెట్టండి. కింద షార్ట్ అయితే పై బండి ఎందుకు ఆగాలి?

పై బల్ల కాళ్లు అడ్డం వస్తాయి. ఫినిష్ చేసిన గోడ అయితే లోపల సాధారణంగా 16 అంగుళాలకొకటి చొప్పున చెక్క నిలువులు ఉంటాయి. స్టడ్ ఫైండర్‌తో వెతికి వాటిలోకే బ్రాకెట్లు బిగించి, బరువు వాటి మీదికి వచ్చాక ఒక్కో కాలూ తీయండి. అద్దె ఇల్లయితే గోడ ముట్టుకోకండి. కాళ్లను ముందూ వెనక్కూ జరిపి, కింది బల్లను ఆ కాళ్లకే అడ్డకర్రలతో నిలపండి. పై బల్ల అడుగున వేలాడే వైర్లను ముందే ఫొటోలు తీసి, పేర్లు రాసి, అంచుకు కట్టేయండి. లేకపోతే మొదటిరోజే బండి పొగగొట్టానికి తగులుకుంటాయి.

అన్నీ అయ్యాక, చివర్లో పై లైనును ఒక్కచోట కోసి వాలుకు కలపాలి. రెండు గంటల పని, కానీ నాలుగు పడుతుందనుకోండి. శనివారం పొద్దున పెట్టుకోండి. ఆ వారం ఆన్‌కాల్ మీది కాకుండా చూసుకోండి.