పెద్ద పట్టికలో రైతు పేరు కనుమరుగు కాకుండ

గ్రామములోని పంటల వివరములు ఎక్సెల్ పట్టికలో వ్రాయునపుడు మొదటి నిలువు వరుసలో సర్వే నంబరు, రెండవ దానిలో రైతు పేరు ఉంచుట మంచిది. ఆపైన విస్తీర్ణము, పంట, విత్తిన తేదీ, నీటి వసతి, నష్టము ఇట్లు కుడివైపునకు పోవుకొలది పేర్లు తెరమీదనుండి తప్పుకొనును. అప్పుడు చూపు ఒక్క గడి క్రిందికి జారినను ఒకరి పంట నష్టము పొరుగువాని పద్దున పడును.

ఇట్లు జరుగకుండ ముందుగా కంట్రోల్, హోమ్ మీటలు కలిపి నొక్కి పట్టిక మొదటికి రావలెను. శీర్షికలు 1వ అడ్డు వరుసలో ఉన్నచో సి2 గడిని ఎంచుకొని, పైనున్న ‘వ్యూ’లో ‘ఫ్రీజ్ పేన్స్’ తెరచి, అందు మరల అదే పేరు గలదానిని నొక్కవలెను. ఆ గడికి ఎడమనున్న రెండు నిలువు వరుసలు, పైనున్న శీర్షికలు కదలక నిలుచును. ‘ఫ్రీజ్ ఫస్ట్ కాలమ్’ నొక్కినచో నంబరు మాత్రమే నిలుచును, పేరు జారిపోవును.

పట్టిక మొదటికి రాకుండ ఈ పని చేసినచో ఎడమవైపున దాగిన వరుసలు ఎంత జరిపినను కానరావు. వివరములు చెరిగినవని కంగారు పడనక్కరలేదు. ‘అన్‌ఫ్రీజ్ పేన్స్’ నొక్కిన చాలును. సెల్‌ఫోను వంటి చిన్న తెరపై రెంటికి మించి నిలిపినచో మిగిలినవాటికి చోటే ఉండదు.

ఈ ఏర్పాటు తెరకే గాని కాగితమునకు కాదు. రైతులు సరిచూచుకొనుటకు జాబితా ముద్రించునపుడు ‘పేజ్ లేఅవుట్’లోని ‘ప్రింట్ టైటిల్స్’ నందు ఆ వరుసలను వేరుగ చూపవలెను. లేనియెడల, వెడల్పైన పట్టికలో కుడివైపు పుటలు పేర్లు లేకయే అచ్చగును.